చప్టా దగ్గర ఆగే బస్సు

గ్యారేజీలో పల్లె వెలుగు బస్సు ఒకటి పిట్ మీద ఉంది. వెనక చక్రాలు ఊడదీశారు. శ్రామిక్ ఒకాయన హబ్బులోంచి పాత గ్రీజు వేలితో తీసి చూపించాడు. పాలు కలిపినట్టు తెల్లబడి ఉంది. "నీళ్లు పట్టిందంటే ఇట్టా అవుద్ది సార్. ఇప్పుడు కడిగి కొత్తది పెట్టకపోతే నాలుగు రోజుల్లో బేరింగు అరుస్తది" అన్నాడు. బ్రేకు లైనర్లు తడిస్తే బండి ఆగాల్సిన చోట ఆగదు. నీరు ఎయిర్ ఫిల్టరు దాకా ఎక్కి ఇంజనులోకి పోతే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది, ఇక ఇంజను మొత్తం విప్పాల్సిందే. కొత్త బీఎస్-6 బస్సుల్లో సెన్సర్లూ వైర్లూ ఎక్కువ కాబట్టి వాటికి నీటి భయం ఇంకా ఎక్కువని పక్కనున్న మెకానిక్ చెప్పాడు.

గుంటూరుకీ ఒంగోలుకీ మధ్య ఉన్న ఒక ఆర్టీసీ డిపో ఇది. తుఫాను వార్తల్లో బస్సుల గురించి 'సర్వీసులు రద్దు' అని ఒకసారి, 'సర్వీసుల పునరుద్ధరణ' అని ఒకసారి వింటాం. ఈ మధ్యలో ఎవరు ఏం నిర్ణయిస్తారో, దేన్ని చూసి నిర్ణయిస్తారో తెలుసుకుందామని వచ్చాను.

ఈ నేలకు తుఫాను కొత్త కాదు. దివిసీమను ముంచిన 1977 నవంబరు 19 నాటి తుఫాను దగ్గర్నుంచి చూడండి. 2006 అక్టోబరు 30న ఓగ్ని, 2010 మే 20న లైలా, 2023 డిసెంబరు 5న మిచౌంగ్, మూడూ బాపట్ల దగ్గరే తీరం దాటాయి. మిచౌంగ్ దాటేటప్పుడు గాలి వేగం గంటకు 90 నుంచి 100 కిలోమీటర్లు. 2025 అక్టోబరు 28న మొంథా నరసాపురం వైపు తీరం దాటినా ప్రకాశం జిల్లా వాగులు పొంగిపొర్లాయి. గాలి ఒక పూటలో పోతుంది. తర్వాత వచ్చే నీరే బస్సుకు అసలు శత్రువు. పల్నాడు గుట్టల మీద పడిన వాన ఓగేరు, కుప్పగంజి, నల్లమడ, పర్చూరు వాగుల్లో పడి సముద్రానికి పోవాలి. దారిలో ఉన్నదంతా నల్లరేగడి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బెత్తెడేసి నెర్రెలు విచ్చుతుంది. దాని మీద పోసిన రోడ్డు కట్ట ఏడాదికి రెండుసార్లు కదులుతుంది. వాగు రోడ్డును దాటే చోట పల్లె దారుల్లో వంతెనలు తక్కువ, చప్టాలే ఎక్కువ. నాలుగు తూములు పెట్టి, పైన సిమెంటు పరిచి, అటూ ఇటూ సున్నం కొట్టిన రాళ్లు పాతుతారు. వాన లేనప్పుడు అది రోడ్డు, వాన పడితే అదే వాగు.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుఫానుల కాలం. పత్తి తీతలూ అప్పుడే. కూలీ జనం పొద్దున్నే ఊరు దాటి ఊరు పోయేదీ అప్పుడే. 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం మొదలయ్యాక పల్లె వెలుగులో ఆడవాళ్ల ప్రయాణం పెరిగింది, నేను ఎక్కిన బస్సులోనూ ముందు నుంచి వెనక దాకా వాళ్లే. ఆ బస్సు రాకపోతే వాళ్లు పని మానుకుని ఇంట్లో కూర్చోరు. పదిమంది ఎక్కాల్సిన చోట పాతికమంది ఎక్కి ఆటోలో పోతారు. బస్సు ఆపడమొక్కటే భద్రత అనుకునేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

పర్చూరు వైపు పోయే దారిలో ఒక చప్టా దగ్గర డ్రైవరు బండి నెమ్మది చేశాడు. ఆ రోజు వాగులో నీళ్లు తూముల అడుగునే పారుతున్నాయి. "ఆ రాళ్లు చూశారా సార్, వాటి తలకాయలు కనపడితే దాటతా. కనపడకపోతే దాటను. పైనున్నోళ్లు ఎంత అరిచినా అంతే" అన్నాడు. అరుస్తారా అని అడిగితే వెనక నుంచి కండక్టరు అందుకుంది: "అరవకేం చేస్తారండీ, ఇంటికాడ పిల్లలుంటారు. నిన్న ఫలానా డ్రైవరు దాటించాడుగా, నీకేం రోగం అంటారు." నిన్న దాటింది నిన్నటి చప్టా. రాత్రి వరదకు మధ్యలో సిమెంటు పలక కింద మట్టి కొట్టుకుపోయి ఉంటే పైనుంచి చూసేవాడికి తెలియదు. నీరు బురద రంగులో ఉంటుంది, అడుగున గుంట కనపడదు.

నీటి బలాన్ని మనం తక్కువగా లెక్కేస్తాం. అడుగు లోతు ప్రవాహం చిన్న కారును నెట్టుకుపోగలదు. రెండడుగులైతే దాదాపు ఏ బండినైనా లేపుతుంది. 2024 ఆగస్టు 31న పెదకాకాని మండలం ఉప్పలపాడు దగ్గర జరిగింది అదే. వాన ఎక్కువై బడి ముందే వదిలేశారు. పిల్లల్ని కారులో ఇంటికి తీసుకెళ్తున్న ఉపాధ్యాయుడూ ఇద్దరు విద్యార్థులూ వాగు దాటుతూ కొట్టుకుపోయి చనిపోయారు. పిల్లల్ని క్షేమంగా చేర్చాలనే ఆయన బయల్దేరాడు. ఆ వాగు దగ్గర 'ఇక పోవద్దు' అని చెప్పే గుర్తో, మనిషో ఉంటే అని ఆ వార్త చదివిన రోజు నుంచీ నేను అనుకుంటూనే ఉన్నాను.

ముందే చెప్పే మనిషి లేకపోతే ఏమవుతుందో రైలూ చూపించింది. ఈ జిల్లాల వాళ్లు మరచిపోలేని రాత్రి ఒకటుంది. 2005 అక్టోబరు 29 తెల్లవారుజామున రేపల్లె నుంచి సికింద్రాబాద్ పోతున్న డెల్టా ప్యాసింజరు అప్పటి నల్లగొండ జిల్లా వలిగొండ దగ్గర నీళ్లలో పడిపోయింది. చెరువు తెగి, ఆ వరదకు లైను కింద చిన్న వంతెన కొట్టుకుపోయింది. బండికి ఆ కబురు అందలేదు. వందమందికి పైగా చనిపోయారు. రేపల్లె, తెనాలి, గుంటూరు స్టేషన్లలో ఎక్కినవాళ్లు ఎందరో నిద్రలోనే పోయారు. పంతొమ్మిదేళ్లకు, 2024 సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లా ఇంటికన్నె, కేసముద్రం మధ్య అలాంటిదే మళ్లీ జరిగింది. చెరువు పొంగి కంకర మొత్తం కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. ఈసారి ఆ పట్టాల మీదికి రైలు పోలేదు. ముందే ఆపారు. స్టేషన్లలో చిక్కిన ప్రయాణికుల్ని బస్సుల్లో తరలించారు. నాలుగు రోజుల్లో మళ్లీ రైలు నడిచింది.

రైల్వేలో ఒక పద్ధతి ఉంది. లైనుకు ఎగువన ఏ చెరువు తెగితే పట్టాలకు ముప్పో వాటికి జాబితా ఉంటుంది. వానాకాలానికి ముందు నీటిపారుదల శాఖ వాళ్లతో కలిసి ఆ చెరువు కట్టలు చూస్తారు. ముప్పున్న చోట కాపలా పెడతారు, వాన రాత్రుల్లో లాంతరు పట్టుకుని లైను వెంట నడిచే మనిషి ఉంటాడు. బస్సు రూటుకు అలాంటిది ఏముంది?

ఆ ప్రశ్నకు జవాబు డిపో కంట్రోలరు గదిలో దొరికింది. గీతల నోటు పుస్తకం ఒకటి, అట్ట చినిగి దారంతో కట్టి ఉంది. అందులో రూటు పేరు, పక్కన ఊరి పేరు, ఫోను నంబరు. అన్నీ వాగు ఎగువ ఊళ్లే. ఒకరిది టీకొట్టు, ఒకరిది పురుగుమందుల షాపు, ఒకరు బడి దగ్గర వాచ్‌మన్. వాన పట్టిందంటే కంట్రోలరు వరసగా ఫోన్లు చేస్తాడు. "బాబాయ్, వాగెట్టుంది?" అవతలి మనిషి చెప్పిన మాట మీదే మొదటి ట్రిప్పు పంపాలో వద్దో తేలుతుంది. ఎగువన నీరు పెరిగిన కొన్ని గంటలకు గాని దిగువ చప్టా మునగదు. ఆ కొన్ని గంటలే ఈయన ఆధారం. కొన్ని నంబర్లు కొట్టేసి ఉన్నాయి. ఎందుకని అడిగితే వాళ్లు పోయారని చెప్పాడు. కంట్రోలరుకు రిటైర్మెంటు దగ్గరపడింది.

కోట్ల రూపాయల యంత్రాలు ఇవ్వలేనిది ఆ పుస్తకంలో ఉంది. అది ఒక మనిషి ఓపిక మీద నిలబడి ఉండటమే నన్ను కలవరపెట్టింది. పైగా బస్సు ఆపినందుకు ఎవరూ మెచ్చుకోరు. రద్దయిన కిలోమీటర్లు లెక్కల్లో నష్టంగానే పడతాయి. కానీ ఆపడాన్నీ ముందే చెప్పి చేయొచ్చు. 2019 అక్టోబరులో హగిబిస్ తుఫానుకు జపాన్ రైల్వేలు ఎప్పటి నుంచి ఎప్పటిదాకా నడపబోమో ముందే ప్రకటించి ఆపాయి, జనం ఇళ్లలో ఉన్నారు. అదే తుఫానుకు నాగనో దగ్గర యార్డులో నిలిపిన పది బుల్లెట్ రైళ్లు నీట మునిగి పనికిరాకుండా పోయాయి. ఆ యార్డు ముంపు ప్రాంతమని పటాల్లో ముందే ఉంది. బస్సు ఎప్పుడు ఆపాలన్నదీ, ఆపాక ఎక్కడ నిలపాలన్నదీ వేరువేరు నిర్ణయాలు. పల్లెల్లో నైట్ హాల్టు చేసే బస్సులకు ఇది మరీ ముఖ్యం. మెరక మీద నిలిపిన నైట్ హాల్టు బస్సు తెల్లారేసరికి వాగుకు అవతలి గట్టున సిద్ధంగా ఉంటుంది, ఊళ్లోవాళ్లను ఆసుపత్రికో పునరావాస కేంద్రానికో చేర్చగలదు. 2020లో ఆర్టీసీ ఇంద్ర బస్సుల్ని 'సంజీవని' పేరుతో కోవిడ్ పరీక్షల వాహనాలుగా మార్చింది. అవసరం వస్తే బస్సు ఎన్ని పనులకు పనికొస్తుందో అప్పుడే చూశాం. ఇక కేంద్ర పథకం కింద రాష్ట్రానికి కేటాయించిన 750 విద్యుత్ బస్సుల్లో గుంటూరుకూ వాటా ఉంది. తుఫాను తర్వాత పల్లెల్లో కరెంటు రోజుల తరబడి రాదు. ఛార్జింగ్ కేంద్రాలు మెరక మీద కట్టాలి, డీజిల్ బస్సులు కొన్నైనా అట్టే పెట్టుకోవాలి.

చప్టాలన్నీ వంతెనలయ్యే రోజు రావాలి. అందాకా చేయగలిగినవి పెద్ద ఖర్చు లేనివే. ప్రతి డిపో తన రూట్లలోని చప్టాల జాబితా రాసి గోడకు పెట్టాలి. ప్రతి చప్టా దగ్గర అడుగుల లెక్కన ఎరుపు, తెలుపు గీతల స్తంభం పాతాలి. వాన రాత్రి అక్కడ పంచాయతీ మనిషిని ఉంచాలి. ఎగువ ఊళ్ల ఫోను నంబర్లు ఆర్టీసీ, రెవెన్యూ, నీటిపారుదల శాఖల దగ్గర ఒకేలా ఉండాలి. ఎరుపు గీత దాటిన నీటి ముందు బండి ఆపిన డ్రైవరును ఎవరూ ప్రశ్నించరాదని రాతపూర్వకంగా ఆదేశం ఇవ్వాలి. ఆపిన బస్సులోని వాళ్లు రాత్రి ఎక్కడ తలదాచుకోవాలో కూడా ఆ కాగితంలోనే ఉండాలి.

మీ ఊరి బస్సు దాటే చప్టా దగ్గర లోతు చూపే స్తంభం ఉందేమో వెళ్లి చూడండి. లేకపోతే వచ్చే గ్రామసభలో అడగండి. అక్టోబరు రాకముందే అడగండి.