మస్టరులో నా పేరు



మొన్న ఒక యౌవన సేవకుడు ఫోన్ చేశాడు. "అన్నా, మా విశ్వాసులు ఆదివారం ఒకలాగా, సోమవారం ఒకలాగా ఉంటున్నారు. ఏ వాక్యం చెప్పమంటారు?" అని అడిగాడు. నాకు ఏ వాక్యమూ తోచలేదు. 2019 వేసవి గుర్తొచ్చింది. మా సంఘంలో ఈ సంగతి ఎరిగినవారే ఎక్కువ కాబట్టి ఇక్కడ వ్రాయడానికి సిగ్గుపడను. సిగ్గుపడవలసిన రోజు ఎప్పుడో గడిచింది.

మాది ప్రకాశం జిల్లాలో మెట్ట ప్రాంతపు పల్లె. సంఘంలో ఇద్దరు ముగ్గురికి తప్ప ఎవరికీ సొంత పొలం లేదు. మిరప కోతలు, పొగాకు పనులు అయిపోయాక ఎండాకాలమంతా ఉపాధి హామీ పనే ఆధారం. మావాళ్ళు ఇప్పటికీ దాన్ని కరువు పని అనే అంటారు. తెల్లారేసరికి గడ్డపార, పార, తట్ట, నీళ్ళ సీసా తీసుకుని చెరువులోకి దిగుతారు. ఎండ ముదరకముందే ఇంటికి చేరతారు.

ఈ పని ఎరుగని పట్నపు సహోదరుల కోసం ఒక మాట చెప్పాలి. కూలి రోజుకింత అని ఊరికే ఇవ్వరు. ఆ ఏడు మన రాష్ట్రంలో రోజు కూలి 211 రూపాయలని ప్రకటించారు గానీ, అది చేతికి రావాలంటే అంత మట్టి తవ్వాలి. గుంపు మొత్తం తవ్విన గుంటను టేపుతో పొడవు, వెడల్పు, లోతు కొలుస్తారు. దానికి వచ్చిన సొమ్మును మస్టరులో ఎందరి పేర్లకు హాజరు పడిందో అందరికీ పంచుతారు. ఈ పంపకం సంగతి నాకు అప్పట్లో తెలియదు. సెమినరీలో మూడేళ్ళు చదివి డిప్లొమా తెచ్చుకున్నాను. ప్రసంగాన్ని ఎలా విభజించాలో నేర్పారు, గ్రీకు అక్షరాలు దిద్దించారు. నా ఎదుట చాప మీద కూర్చునేవారికి కూలి ఎలా లెక్క కడతారో నేను అడగలేదు. సేవకు వచ్చి అప్పటికి పదకొండేళ్ళు.

మా గుంపు మేటు మన విశ్వాసే, యౌవనుల కూటంలో పాటలు నడిపించేవాడు. ఒక సాయంత్రం ఇంటికొచ్చి, "అయ్యగారూ, మీకు జాబ్ కార్డు ఉందిగా. రెండు వారాలు మీ పేరు వేస్తాను. మీరు రానక్కర్లేదు. మీరు చేసేది దేవుని పని, అదీ పనేగా" అన్నాడు. ఆ నెల కానుకల పెట్టెలో వారానికి ఆరేడు వందలకు మించి పడలేదు. జూన్ వస్తే పిల్లల పుస్తకాలు కొనాలి. నేను సరే అనలేదు, వద్దనీ అనలేదు. మౌనంగా ఉండి కార్డు ఇచ్చాను. ప్రియులారా, "నేను నోటితో ఒప్పుకోలేదు" అని చాలా రోజులు నాకు నేను చెప్పుకున్నాను.

పన్నెండు రోజులకు 1,740 రూపాయలు నా ఖాతాలో పడ్డాయి. ఆ నెలలోనే కొలొస్సయులకు 3:23 మీద ప్రసంగించాను. ఏ పని చేసినా మనుషుల మెప్పు కోసమని గాక ప్రభువుకే చేస్తున్నట్టు చేయమని పౌలు దాసులకు చెప్పిన మాట అది. బాగా చెప్పారని అందరూ అన్నారు.

ఆ ఆదివారమే, కూటం అయ్యాక, ఒక పెద్దమ్మ ప్రార్థన కోసం ఆగింది. భర్త లేడు, కొడుకు హైదరాబాదులో తాపీ పనికి పోయి ఫోన్ కూడా చేయడు. "అయ్యగారూ, కూలి చాలా తక్కువ పడింది. తవ్వింది పదహారు మందిమి, డబ్బులేమో ఇరవై మందికి పడ్డాయంట. మా చెమట ఎవరో తింటున్నారు. ప్రార్థన చేయండి" అంది. నేను ఆమె తల మీద చేయి పెట్టి, ఆమె కష్టార్జితం వృథా కాకూడదని ప్రార్థన చేశాను. ఆమేన్ అన్నాను. ఆ ఆమేన్ ఇప్పటికీ నా చెవిలో ఉంది.

ఇంటికొచ్చి కాగితం మీద లెక్క వేశాను. రోజుకు 145 చొప్పున ఇరవై మందికి అయింది 2,900. అదే పదహారు మంది పంచుకుంటే తలా 181. అంటే ఆ పెద్దమ్మ రోజుకు 36 రూపాయలు పోగొట్టుకుంది, పన్నెండు రోజులకు 435. అంతవరకూ అది ప్రభుత్వం సొమ్ము అనుకున్నాను. ప్రభుత్వం ఎక్కడో ఉంటుంది, దానికి ముఖం ఉండదు. ఆ రూపాయలు వచ్చింది మాత్రం మూడో వరుసలో కూర్చునే మనిషి తట్టలోంచి. యాకోబు 5:4 ఎన్నిసార్లు చెప్పానో! కూలివాని కూలి బిగబట్టినవారి గురించిన ఆ వాక్యాన్ని ప్రతిసారీ భూస్వాముల వైపు చూపించి చెప్పాను.

నా భార్యకు చెప్పాను. ఆమె చాలాసేపు పలకలేదు. "ఆ డబ్బు ఎక్కడిదని నేనూ అడగలేదు. అడగాల్సింది" అంది. మర్నాడు తన కమ్మలు తీసి నా చేతిలో పెట్టింది.

నెహెమ్యా 3వ అధ్యాయం చదువుతుంటే మనకు నిద్ర వస్తుంది. అన్నీ పేర్లే. ఒక విధంగా అదీ మస్టరే. యెరూషలేము గోడలో ఎవరు ఎంత కట్టారో మనిషి మనిషికీ వ్రాసి ఉంది. 5వ వచనంలో, తెకోవ ఊరివాళ్ళు కట్టారు గానీ వారి పెద్దలు ఆ పనికి ఒళ్ళు వంచలేదని వ్రాశాడు. పని చేయనివారి సంగతీ ఉన్నది ఉన్నట్టుగా అదే గ్రంథంలో నిలిచిపోయింది. ఆ రాత్రి ఆ వచనం దాటి ముందుకు పోలేకపోయాను.

సోమవారం చెరువు దగ్గరికి వెళ్ళాను. సంఘ పెద్దలు ఆపాలని చూశారు. "తర్వాత చూసుకుందాం, సేవకు మచ్చ వస్తుంది" అన్నారు. వారి మాటలో ప్రేమ లేదని నేననను. నీళ్ళు తాగడానికి అందరూ తుమ్మచెట్టు కింద కూర్చున్నప్పుడు నిలబడి చెప్పాను. పదహారు మందికీ తలా 109 రూపాయలు ఇచ్చాను. లూకా 19లో జక్కయ్య నాలుగంతలు ఇస్తానన్నాడు. ఆ లెక్కన 6,960 కావాలి, నా దగ్గర లేవు. మిగతాది నిదానంగా ఇస్తానన్నాను. ఒకరిద్దరు "పోనీలెండి అయ్యగారూ" అన్నారు. మన విశ్వాసి కాని ఒక పెద్దాయన మాత్రం బీడీ ఆర్పేసి, "నీదొక్క పేరే అయ్యింది. ఇంకా ముగ్గురున్నారుగా?" అన్నాడు. ఆ ముగ్గురి పేర్లు చెప్పడం నా పని కాదని ఊరుకున్నాను. అది మంచితనమో, మళ్ళీ అదే మౌనమో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

మేటు కుటుంబం ఆ తర్వాతి ఆదివారం రాలేదు. ఇప్పుడు పక్క ఊరి మందిరానికి వెళ్తున్నారు. మొదట నేను వద్దని ఉంటే ఆ తమ్ముడు ఆ చిక్కులో పడేవాడు కాదేమో. పండుగకు వాళ్ళింటికి వెళ్ళి వస్తుంటాను. టీ ఇస్తారు, మాట మాత్రం పొడిపొడిగానే ఉంటుంది.

2020లో లాక్‌డౌన్ వచ్చింది, మందిరం మూతపడింది, కానుకలు ఆగిపోయాయి. మే నెలలో పనులు మొదలవగానే అదే కార్డు పట్టుకుని చెరువులోకి దిగాను. మొదటి రోజుకే రెండు అరచేతులూ పొక్కాయి. పార నేను పట్టుకుంటే తట్ట పెద్దమ్మ మోసింది. మాస్కులు మెడ కిందికి జారిపోయేవి. జక్కయ్య లెక్కలో మిగిలిన బాకీ ఆ వేసవి కూలిలోంచే చాలావరకు తీర్చాను. నడుము విరుగుతుంటే కొలొస్సయుల మాట ఎంత బరువైనదో తెలిసింది. కూలి కూడా రాని దాసులకు ఆ మాట చెప్పడానికి పౌలుకు ఎంత ధైర్యం కావాలో అనుకున్నాను. అయితే ఆయనా డేరాలు కుట్టినవాడే కదా.

మూడో రోజు నా వాటా అయిపోయిందని పార పక్కన పెట్టి, గట్టు మీద కూర్చున్నాను. పెద్దమ్మ తట్ట దించి, గుంటలోకి తొంగి చూసింది.

"అయ్యగారూ, ఆ మూల లోతు చాల్లేదు. రేపు టేపు పెడతారు. ఇంకో జానెడు తియ్యండి" అంది.

దిగి తీశాను.