డిస్కు కింద దాక్కున్న పెళ్లి

మా మామకు కళ్యాణదుర్గంలో ఫొటో స్టూడియో ఉంది. ఈమధ్య ఫోన్ చేసి, "అల్లుడూ, మే నెలలో తీసిన ఒక పెళ్లి ఫొటోలు కనపడ్డం లేదప్పా. పెళ్లికూతురి నాయన మొన్ననే పోయినాడు. ఆయన ఫొటోలు కావాలని వచ్చి కూర్చున్నారు" అన్నాడు. కెమెరా కార్డు మీద అప్పటికే ఇంకో నాలుగు పెళ్లిళ్లు ఎక్కి దిగాయి.

స్టూడియోలో ఉన్నది లైనక్స్ కంప్యూటర్. ఎవరో కుర్రాడు రాసిచ్చిన చిన్న ప్రోగ్రాం రోజూ రాత్రి ఫొటోలను బయటి హార్డ్‌డిస్కుకు తరలిస్తుంది. ఆ డిస్కులో మే 9 తర్వాత మూడు వారాలు ఖాళీ. చిత్రమేమంటే, కంప్యూటర్ సొంత డిస్కు మాత్రం నిండిపోయింది. ఏ ఫోల్డర్ వెతికినా అన్ని జీబీలు ఎక్కడా కనపడలేదు.

లైనక్స్‌లో డిస్కును ఒక ఖాళీ ఫోల్డర్ మీద మౌంట్ చేస్తారు, మంచం మీద పరుపు వేసినట్టు. పరుపు లేకపోయినా మంచం ఉంటుంది కదా. ప్రోగ్రాంకు ఆ తేడా తెలీదు, వట్టి మంచం మీదే ఫొటోలు పెట్టేస్తుంది. తర్వాత పరుపు పరిస్తే అడుగున ఉన్నవి కనపడవు.

మామ చేత డిస్కు అన్‌మౌంట్ చేయించా. ఫొటోలన్నీ అక్కడే ఉన్నాయి. ఆ పెద్దాయన అల్లుడి కాళ్లు కడుగుతున్న ఫొటో కూడా. ఫోన్లో మామ కాసేపు మాట్లాడలేదు.

మరి డిస్కు ఎప్పుడు ఊడింది? కెర్నెల్ లాగ్‌లో టైముతో సహా దొరికింది: మే 9 సాయంత్రం, యూఎస్‌బీ డిస్‌కనెక్ట్. మా అనంతపురం ఉన్నదే వాననీడలో, ఏడాది సగటు 550 మిల్లీమీటర్ల దగ్గరే. వాన రాకపోయినా దాని ముందు రావాల్సిన గాలి మాత్రం వస్తుంది, కరెంటును తీసుకుపోతుంది. కంప్యూటర్‌కు యూపీఎస్ ఉంది, డిస్కు అడాప్టర్ మాత్రం గోడ ప్లగ్గుకే. కరెంటు వచ్చాక డిస్కు తిరిగింది గానీ మళ్లీ మౌంట్ చేసినవాళ్లు లేరు. మూడు వారాలకు ఎవరో కంప్యూటర్ ఆపి ఆన్ చేస్తే అదే ఎక్కి కూచుంది, ఫొటోల మీద.

ఈ విషయంలో డిస్కు సాక్ష్యం సగమే. ఈఎక్స్‌టీ4 డిస్కు తాను చివరిసారి ఎప్పుడు మౌంట్ అయిందో తనలోనే రాసుకుంటుంది, ట్యూన్2ఎఫ్ఎస్ కమాండ్‌తో చూడొచ్చు. అన్‌మౌంట్ టైముకంటూ అందులో గడి లేదు. కరెంటు పోయి ఊడితే రాసుకునే వ్యవధి మాత్రం ఏదీ?

అందుకని ఫైండ్‌మౌంట్ కమాండ్‌ను పోల్ ఆప్షన్‌తో ఎప్పుడూ నడిచేట్టు పెట్టా. డిస్కు ఎక్కినా దిగినా ఒక లైన్ ఇస్తుంది. దానికి తేదీ, టైము తగిలించి మామ ఫోన్‌కు పంపే ఏర్పాటు చేశా. ఇదీ పూర్తి కాపలా కాదు. కెర్నెల్ "ఏదో మారింది" అని తట్టి లేపుతుందంతే. ఏం మారిందో పాత జాబితాతో పోల్చి చూసుకోవాల్సిందే. రెప్పపాటులో ఊడి మళ్లీ ఎక్కితే తెలియకపోవచ్చు. కాబట్టి తరలించే ముందు డిస్కు నిజంగా ఉందా అని మౌంట్‌పాయింట్ కమాండ్‌తో అడిగే ఒక్క లైన్ కూడా ప్రోగ్రాంలో చేర్చా. నన్నడిగితే అసలు కాపలా అదే.

మొన్న సాయంత్రం గాలి లేచినప్పుడు మామకు మొదటి మెసేజ్ వెళ్లింది. డిస్కు ప్లగ్గును కూడా యూపీఎస్‌కు మార్చమని చెప్పి వారమైంది, ఇంకా మార్చలేదు.