ఎండకూ తీరువా కట్టాలా?

కృష్ణా డెల్టా రైతుకు నీటి తీరువా కొత్త కాదు. కాలువలో పూడిక తీయాలి, లాకులు నడపాలి... అందుకు సణుక్కుంటూనైనా కడతాడు. అదే, తన చేలో కురిసిన వానకు కూడా కట్టమంటే? పేరులోనే లాకు ఉన్న వీరంకిలాకు పామిడిముక్కల మండలంలోదే. అలాంటి చోట ఈ తేడా ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు.

డాబా మీద సోలార్ పలకలు పెట్టుకున్న ఇళ్లకూ ఈ ప్రశ్న ఎదురుకావచ్చు.

నెలకు 300 యూనిట్లు వాడే ఇల్లు ఒకటి అనుకుందాం. 2022 ఏప్రిల్లో అమల్లోకి వచ్చిన శ్లాబుల ప్రకారం వాడిన కరెంటుకే 1,673 రూపాయలవుతుంది. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్ల పలకలకు కేంద్రం 78,000 రాయితీ ఇస్తోంది. మిగతా సొమ్ముకు బ్యాంకు అప్పు. ఎండ బాగా కాస్తే కిలోవాట్‌కు రోజుకు సుమారు నాలుగు యూనిట్లు. తగ్గిన బిల్లుతోనే వాయిదా కట్టేయొచ్చన్నది ఆ ఇంటి ధైర్యం. అందులోకి కిలోవాట్‌కు నెలకు 200 చొప్పున కొత్త రుసుము వచ్చి పడిందనుకోండి. ఏడాదికి 7,200! ‘ఎండ మనదే కదండీ, మళ్లీ డబ్బులెందుకు?’ అని ఇల్లాలు అడిగితే ఆయన ఏం చెబుతాడు?

డిస్కంల వాదన కూడా వినాలి. రాత్రిపూట ఆ ఇంటికి కరెంటు స్తంభం మీది నుంచే రావాలి. తీగలకు, ట్రాన్స్‌ఫార్మర్లకు, లైన్‌మన్‌ జీతానికి ఖర్చుంది. ఆ భారం డాబా లేని పొరుగింటి మీద పడకూడదు. నిజమే. అయితే స్థిర ఛార్జీ ఉన్నది అందుకే. 2022 టారిఫ్‌లో ఇళ్లకు అది కిలోవాట్‌కు నెలకు 10 రూపాయలు. సోలార్ ఇల్లూ దాన్ని కడుతుంది. పైగా మధ్యాహ్నం ఆ డాబా మీద మిగిలిన కరెంటు పక్కింటి ఫ్యానే తిప్పుతుంది. దూరం నుంచి తెచ్చేటప్పుడు తీగల్లో పోయే నష్టం అక్కడ ఉండదు. ఖర్చు చూపినప్పుడు ఈ లాభాన్నీ లెక్కలో చూపాలి. చూపకుండా వేసే రుసుము తీగకు కాదు, ఎండకే!

అడిగితే ఫలితం ఉంటుందా అంటే... ఉంది. 2019లో మహారాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి ముసాయిదాలో సోలార్ ఇళ్లపై గ్రిడ్ ఛార్జీ ప్రస్తావన వచ్చింది. వినియోగదారులు గట్టిగా అభ్యంతరం చెప్పారు. తుది నిబంధనల్లో, రాష్ట్రంలో డాబాల మీది సోలార్ 5,000 మెగావాట్లకు చేరేదాకా ఆ ఛార్జీ వద్దన్నారు. 10 కిలోవాట్లలోపు వారికి మినహాయింపు ఇచ్చారు. స్పెయిన్‌లో 2015లో వచ్చిన రుసుముకు జనం ‘సూర్యుడి పన్ను’ అని పేరు పెట్టారు. చిన్న ఇళ్లకు కొంత మినహాయింపు ఉన్నా వ్యతిరేకత ఆగలేదు. చివరికి 2018లో రద్దయింది. మొలకలో అడిగితే ఒక్క విచారణతో పోయేది, మానయ్యాక మూడేళ్లు పట్టింది.

మనకూ దారి ఉంది. 2003 విద్యుత్ చట్టం 64వ సెక్షన్ ప్రకారం డిస్కంలు టారిఫ్ ప్రతిపాదనలను ప్రకటించాలి. నియంత్రణ మండలి ప్రజల అభ్యంతరాలను పరిశీలించాకే ధర ఖరారు చేయాలి. అభ్యంతరం రాయడానికి వకీలు అక్కర్లేదు. ఏ ఖర్చుకు ఈ రుసుము, లెక్క ఎక్కడ, చిన్న ఇళ్లకు మినహాయింపు ఏది... ఈ మూడూ అడిగితే చాలు.

టారిఫ్‌లో లేని పద్దు బిల్లులో కనిపిస్తే ముందు కరెంటు ఆఫీసులో రాతపూర్వకంగా అడగాలి. తర్వాత వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక, ఆపైన విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. సోలార్ కోసం లైను బలపరచాలి, ఆ ఖర్చు మీరే పెట్టుకోండి అంటే ఒక విషయం గుర్తుంచుకోవాలి. 2024 ఫిబ్రవరి సవరణ ప్రకారం 5 కిలోవాట్ల వరకు ఆ ఖర్చు డిస్కందే.

టారిఫ్ ప్రకటన పేపర్లో చిన్న అక్షరాల్లో వస్తుంది. కనిపించిన రోజే కత్తిరించి, పాత బిల్లులతో కలిపి ఉంచండి. పిల్లలతో లెక్క వేయించినా సరే... గడువులోగా ఆ ఉత్తరం పోస్టులో పడాలి.