రంగం వెళ్ళిన నాయనమ్మ

రాజమండ్రిలో దామెర్ల రామారావు చిత్రశాలకు వెళ్ళినప్పుడల్లా నాకు ఒక వెలితి తోస్తుంది. 1925లో మశూచి పొట్టన పెట్టుకునేనాటికి ఆయనకు ఇరవై ఎనిమిదేళ్ళు నిండలేదు. అంత చిన్న వయసులోనే గోదావరినీ మన ఆడవాళ్ళనూ ప్రాణం పెట్టి గీశారు. సరిగ్గా ఆ కాలంలోనే కాకినాడ రేవు నుంచి జనం బర్మాలోని రంగూన్‌కు, మనవాళ్ళ నోట రంగానికి, తరలిపోతున్నారు. సెంటు భూమి లేనివాళ్ళు, అప్పుల్లో కూరుకుపోయినవాళ్ళు, కూలీలను కుదిర్చే మేస్త్రీ చేతిలో పెట్టిన అడ్వాన్సుకు తల ఊపినవాళ్ళు. నేను చూసిన మన బొమ్మల్లో వాళ్ళెక్కడా లేరు.

అందుకే మా అన్నయ్య మనవరాలు వేసిన బొమ్మంటే నాకంత ఇది. పుట్టి పెరిగింది న్యూజెర్సీలో. రంగం స్టూడియోలో తీయించుకున్న మా నాయనమ్మ ఫొటో ముందు పెట్టుకుని వేసింది. నడుముకు బర్మా లుంగీ, బుగ్గల మీద అక్కడి ఆడవాళ్ళు రాసుకునే థనాకా పూత. ముక్కుకు మాత్రం మన ముక్కుపుడక, కాళ్ళకు వెండి కడియాలు. పక్కన రెండు జాడీలు: ఒకదాంట్లో ఆవకాయ, ఇంకోదాంట్లో బర్మావాళ్ళ పులియబెట్టిన చేపల ముద్ద. ఆ రెండో జాడీ మూత కొంచెం తీసి ఉంది. అది రోజూ వాడేదని ఆ ఒక్క గీతతో చెప్పింది పిల్ల. నాయనమ్మ కాకినాడకు తిరిగొచ్చాక కూడా ఆ వాసన కోసం వెతుక్కునేదని మా మేనత్త చెబుతుండేది.

మొదట ఓడను ఒడ్డునే, నల్లగా, కొండంత వేసింది. “చిన్నతాతా, బావుందా?” అంది. అప్పట్లో కాకినాడలో స్టీమరు ఒడ్డుకు వచ్చేది కాదమ్మా, లోతు చాలదు, దూరంగా లంగరేసుకుని ఉంటే నావల మీద వెళ్ళి ఎక్కేవారు అన్నాను. చెరిపేసి మళ్ళీ వేసింది. ఇప్పుడు సముద్రం అంచున సన్నటి పొగ గీత, ముందు నావలో మూటలు, మూటల మధ్య నాయనమ్మ. నిజం ఇదే. ఇదే గుండెను ఎక్కువగా పట్టేస్తుంది.

ఒకప్పుడు రంగూన్ జనంలో సగానికి పైగా మన దేశంవాళ్ళే. మన కోరంగి రేవు పేరుతోనే తెలుగువాళ్ళను అక్కడ కోరంగీలనేవారు. ఓడల్లో బస్తాలు మోసింది వాళ్ళే. 1930 మేలో రేవు పని దగ్గర రేగిన అల్లర్లలో ప్రాణాలు పోగొట్టుకున్నదీ ఎక్కువగా వాళ్ళే. 1941 డిసెంబరులో జపాన్ బాంబులు పడ్డాక ఓడ దొరకని పేదలు అరకాను కొండల మీదుగా, అస్సాం అడవుల మీదుగా నడిచి వచ్చారు. ఎందరో దారిలోనే పోయారు.

పరాయిగడ్డ మీద బతికినవాళ్ళు తమ తీరు వదిలేశారని అంటే నేనొప్పుకోను. ఆ ముక్కుపుడక, ఆ థనాకా ఒకే ముఖం మీద ఇమిడిపోయాయి. న్యూజెర్సీ పిల్లకు అది ఎవరూ చెప్పక్కర్లేకుండా తెలిసింది.

గోదావరి జిల్లాల్లో ఇంకా కొన్ని ఇళ్ళ అటకల మీద రంగం టేకు పెట్టెలున్నాయి. పాత సామాన్లవాడికి అమ్మేయకండి. లోపలి ఫొటోలు, కాగితాలు ముందు పైకి తీయండి. ఎవరు ఎవరో ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి వెనకాల రాయించండి. బొమ్మలు వేసే పిల్లలుంటే వాళ్ళ చేతికివ్వండి.