చెబితే ఆపేస్తారని...

మిరుదొడ్డిలో అసర్ నమాజు ముగిసి, పత్తి ఏరిన కూలీలు ఆటోల్లో ఇళ్లకు మళ్లే వేళకు బడి మైదానంలో పది పన్నెండు మంది ఆడపిల్లలు బంతి వెంట పరుగెత్తుతూ ఉంటారు. రెండేళ్లుగా మా అమ్మాయి కూడా వారిలో ఒకతె. గత నవంబరులో ఒక ఆదివారం సిద్దిపేటలో జరిగిన ఆటలో ఆమె బంతిని అందుకోవడానికి గాలిలోకి లేచి, ఒంటికాలిపై దిగి, అదే ఊపులో పక్కకు తిరగబోయి కూలబడింది. ఎవరూ ఆమెను తోయలేదు. ఎవరి కాలూ ఆమె కాలికి తగలలేదు. గట్టు మీద కూర్చున్న మాకు ఏమీ వినబడలేదు. ఆమెకు మాత్రం మోకాలిలో ‘ఫట్’మన్న శబ్దం వినిపించిందట.

ఆ రోజు మొదలుకొని ఈ పది నెలల్లో మేము, అంటే ఆ పిల్ల తల్లిదండ్రులం, మోకాలిని గురించి చాలా నేర్చుకున్నాము. అంతకంటే ఎక్కువగా మా పొరపాటును గురించి నేర్చుకున్నాము. ఆడపిల్లలను ఆటలకు పంపుతున్నవారికీ, పంపాలా వద్దా అని తటపటాయిస్తున్నవారికీ ఉపయోగపడవచ్చునన్న ఆశతో ఆ అనుభవాన్ని పాఠకులతో పంచుకుంటున్నాము.

ఫుట్‌బాల్ మా ఇంటికి కొత్త మాట కాదు. 1951లో ఢిల్లీలోనూ, 1962లో జకార్తాలోనూ భారత జట్టుకు ఆసియా క్రీడల స్వర్ణపతకం సాధించిపెట్టిన శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీమ్ హైదరాబాదుకు చెందిన బడిపంతులని పెద్దల నోట వింటూ పెరిగినవాళ్లం. దైవప్రవక్త (స) తన సహధర్మచారిణి హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెం వేశారనీ, ఒకసారి ఆమె, మరొకసారి ఆయన గెలిచారనీ హదీసుల ద్వారా తెలుసుకున్నవాళ్లం. నిజామాబాద్ జిల్లాలోని ఒక తండా నుంచి బయలుదేరిన సౌమ్య గుగులోత్ భారత జట్టుకు ఆడి, 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ క్లబ్బు దాకా వెళ్లడం చూసినవాళ్లం. తలకు వస్త్రం కట్టుకొని ఆడనిస్తారా అన్న సందేహం కూడా మాకు మిగలలేదు. అంతర్జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫా 2014లోనే అందుకు అనుమతించింది. 2023 మహిళల ప్రపంచకప్‌లో మొరాకో క్రీడాకారిణి నుహైలా బెంజీనా హిజాబ్‌తోనే బరిలోకి దిగింది.

కనుక మా అమ్మాయి అడిగినప్పుడు కాదనలేదు. అయితే నాలుగు షరతులు పెట్టాము. నిండుగా దుస్తులు ధరించాలి. మగ్రిబ్‌కు ముందే ఇల్లు చేరాలి. మార్కులు తగ్గకూడదు. ఇంట్లో ఎవరికీ ఇబ్బంది కలిగించకూడదు. “ఏ ఒక్కటి తప్పినా ఆట బంద్” అని చివర ఒక మాట కలిపాము. ఆ మాట ఆమె మనసులో ఎంత లోతుకు దిగిందో అప్పుడు గ్రహించలేకపోయాము.

ఏడాది తిరిగేసరికి ఆమె బాగా ఆడసాగింది. “మీ పాపల ఆట ఉన్నది సార్, జిల్లా టీమ్‌కు గ్యారంటీ” అని వ్యాయామ ఉపాధ్యాయుడు అన్నప్పుడు మాకు కలిగిన సంతోషం అంతా ఇంతా కాదు. ఆ సంతోషంలోనే సాధన పెంచాము. ఫజ్ర్ తరువాత ముప్పావు గంట పరుగు, సాయంత్రం రెండు గంటల ఆట, ఇవి వారానికి ఆరు రోజులు. ఆదివారం సిద్దిపేటలో మూడు గంటలు. అప్పట్లో ఎన్నడూ కూడి చూడలేదు. ఆసుపత్రి వరండాలో కూర్చొని కూడితే వారానికి పందొమ్మిదిన్నర గంటలు తేలింది. అప్పటికి ఆమె వయసు పద్నాలుగేళ్లు.

పిల్ల వయసు ఎన్నేళ్లో, వారానికి నియమబద్ధమైన సాధన అన్ని గంటలకు మించరాదన్నది క్రీడావైద్యులు చెప్పే సులువైన కొలత. పద్నాలుగేళ్ల పిల్లకు పద్నాలుగు గంటలు. వారంలో కనీసం ఒక రోజు, వీలైతే రెండు రోజులు పూర్తి విశ్రాంతి. ఎదిగే వయసులో ఎముక ముందు సాగుతుంది, కండ దాని వెనుక వస్తుంది. ఆ నడిమి కాలంలో బరువు ఎక్కువైతే మోకాలి కింద, మడమ దగ్గర నొప్పి మొదలవుతుంది. అది శరీరం పంపే కబురు.

మా అమ్మాయి శరీరం కూడా కబురు పంపింది. వినవలసిన చోట మేము వినలేదు. పడిపోవడానికి ఆరు వారాల ముందు నుంచే ఆమెకు మోకాలు నొప్పిగా ఉండేదట. పాత దుపట్టా చించి, పైజామా లోపల మోకాలికి గట్టిగా చుట్టుకొని మైదానానికి వెళ్లేదట. రాత్రిళ్లు అందరూ పడుకున్నాక బామ్ రాసుకొనేదట. ఆ వాసన మాకు తెలుసు. కాని దాదీ రోజూ మోకాళ్లకు రాసుకొనే బామ్ వాసనే అనుకున్నాము.

డాక్టరు స్కానింగ్ చూసి, తొడ ఎముకనూ కాలి ఎముకనూ లోపలి నుంచి కట్టి ఉంచే ముఖ్యమైన లిగమెంట్ తెగిందని చెప్పారు. దానిని యాంటీరియర్ క్రూషియేట్ లిగమెంట్ అంటారు. మన పల్లెల్లో ‘మోకాలు నరం తెగింది’ అంటారు గాని అది నరం కాదు, ఎముకకూ ఎముకకూ మధ్య ఉండే బలమైన పట్టీ. ఈ గాయం చాలాసార్లు ఇతరులు తగలడం వల్ల కాక, గెంతి దిగినప్పుడో, పరుగులో ఉన్నట్టుండి దిశ మార్చినప్పుడో జరుగుతుందట. ఒకే రకమైన ఆటలో మగపిల్లల కంటే ఆడపిల్లలకు ఇది రెండు రెట్లకు పైగా ఎక్కువగా సంభవిస్తుందట. యుక్తవయసులో ఆడపిల్లల నడుము భాగం విశాలమవుతుంది. దిగేటప్పుడు మోకాలు లోపలికి వాలుతుంది. తొడ వెనుక కండరం ముందు కండరమంత బలంగా ఉండదు. దీనికి తోడు, మగపిల్లలు చిన్ననాటి నుంచి గోడలు దూకి, చెట్లెక్కి నేర్చుకొనే అదుపును నేర్చుకొనే అవకాశం మన ఆడపిల్లలకు మనమే తక్కువగా ఇస్తాము. ఇది పేద ఊళ్ల సమస్య మాత్రమే కాదు. ఇంగ్లండ్ జట్టు నాయకురాలు లియా విలియమ్సన్ ఇదే గాయంతో 2023 ప్రపంచకప్‌కు దూరమైంది.

ఆ రాత్రి ఆసుపత్రిలో, “ఆరు వారాలు నొప్పిని ఎందుకు దాచావు బేటీ?” అని అడిగాము. ఆమె గోడ వైపు తిరిగి, “చెబితే ఆపేస్తారు కదా అబ్బా” అన్నది.

మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకోలేకపోయాము. మగపిల్లవాడు కాలు నొప్పి అంటే నాలుగు రోజులు ఆగి వెళ్లరా అంటాము. ఆడపిల్ల అంటే ఇక చాల్లే అంటాము. అది ఆమెకు తెలుసు. ఆట ఆమెకు హక్కుగా కాక మా దయగా దొరికింది. దయగా దొరికినదాన్ని కాపాడుకోవడానికి ఆమె తన మోకాలిని తాకట్టు పెట్టింది. వ్యాయామ ఉపాధ్యాయుడు కూడా పరామర్శకు వచ్చి, “నాకు గూడ చెప్పలే సార్. టీమ్‌లకెల్లి తీసేస్తననుకున్నదేమో” అని తలవంచుకున్నారు.

డిసెంబరు మొదట్లో శస్త్రచికిత్స జరిగింది. చూడవచ్చిన బంధువుల్లో చాలామంది ఒకే మాట అన్నారు, “ఇకనైనా మాన్పించండి” అని. “కాలు పాడైన పిల్లను రేపు ఎవరు చేసుకుంటారు?” అని దాదీ కన్నీళ్లు పెట్టుకున్నారు. మాలో ఒకరికి ఆ మాటే నిజమనిపించింది. మరొకరికి, మాన్పిస్తే ఆ పిల్ల భయమే నిజమని మనం రుజువు చేసినట్టవుతుందనిపించింది. చాలా రాత్రులు వాదించుకున్నాము.

ఆ రోజుల్లో మాకు దారి చూపినది నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ ఉదంతం. 2017లో ఆమె భుజం గాయపడి శస్త్రచికిత్స జరిగింది. దాదాపు ఏడాది పాటు బరిలోకి దిగలేదు. 2022 మే నెలలో ఇస్తాంబుల్‌లో ప్రపంచ బాక్సింగ్ విజేతగా నిలిచింది. 2023లో ఢిల్లీలో మళ్లీ గెలిచింది. మా అమ్మాయి ప్రపంచ విజేత అవుతుందని మేము అనుకోలేదు. గాయానికీ గెలుపునకూ నడుమ గడిచిన ఆ ఓపిక గల కాలమే మాకు పాఠమైంది. చివరకు ఒక రాత్రి ఆమె మంచం పక్కన కూర్చొని, “నొప్పి అని చెప్పినందుకు నీ ఆట ఎన్నడూ ఆగదు. దాచినందుకే ఆలస్యమవుతుంది” అని ఇద్దరమూ మాట ఇచ్చాము. షరతుల జాబితాలోని చివరి వాక్యాన్ని కొట్టివేశాము.

తరువాత నివారణను గురించి తెలుసుకున్నాము. ఫిఫా వైద్యనిపుణులు ‘ఎలెవన్ ప్లస్’ అనే సన్నాహక వ్యాయామాలను రూపొందించారు. ఇరవై నిమిషాలు, పదిహేను కదలికలు, మూడు భాగాలు. మొదట నెమ్మదిగా పరుగు. తరువాత నడుముకూ తొడలకూ బలాన్నిచ్చే కదలికలు, ఒంటికాలిపై నిలకడ, గెంతి మెత్తగా దిగడం. చివర వేగంగా పరుగెత్తి దిశ మార్చడం. ఖరీదైన సామగ్రి ఏదీ అక్కరలేదు. బంతి చాలు. నార్వేలో పదమూడు నుంచి పదిహేడేళ్ల లోపు ఆడపిల్లలు 1,892 మందిపై దీనిని పరీక్షించి 2008లో ఫలితాలు ప్రకటించారు. ఈ వ్యాయామాలు చేసిన జట్లలో గాయాలు సుమారు మూడో వంతు, తీవ్రమైన గాయాలు దాదాపు సగం తగ్గాయి. బడిలో శిక్షగా తీయించే గుంజిళ్ల వంటి కదలికలే మోకాలు లోపలికి వాలకుండా సరిగా చేస్తే రక్షణ అవుతాయని తెలిసి ఆశ్చర్యపోయాము. ఇప్పుడు మా ఊరి మైదానంలో ఆటకు ముందు పిల్లలందరూ వీటిని చేస్తున్నారు. మా వ్యాయామ ఉపాధ్యాయుడు పట్టుదలగా చేయిస్తున్నారు.

ఆహారంలోనూ మా లోపం బయటపడింది. రక్తపరీక్షలో ఆమెకు రక్తహీనత ఉన్నట్టు తేలింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో నూటికి 59 మందిది ఇదే స్థితి. మేము ఆమెను ఖాళీ కడుపుతో పరుగుకు పంపేవాళ్లం. ఎక్కువ ఆడి తక్కువ తినే పిల్లకు ఎముకలు బలహీనపడతాయి, నెలసరి తప్పుతుంది. తల్లులు దీనిని అలసట అని కొట్టివేయకూడదు. ఇప్పుడు పరుగుకు ముందు రెండు ఖర్జూరాలు, పల్లీ పట్టీ, వచ్చాక గుడ్డు, రొట్టె తప్పనిసరి. శస్త్రచికిత్స జరిగిన రెండున్నర నెలలకు రమజాన్ వచ్చింది. రోగికి ఉపవాసాలను వాయిదా వేసుకొనే వెసులుబాటు అల్లాహ్ ఇచ్చాడు. డాక్టరును అడిగి, మందులు వాడే రోజుల్లో మాన్పించి, తరువాత పూర్తి చేయించాము. శరీరం అల్లాహ్ మనకు అప్పగించిన అమానత్ అని పిల్లలకు నోటితో చెబుతూ ఉంటాము. ఆ మాట ప్రకారం ఇంట్లో ఏర్పాట్లు చేసుకోవడం మాకు ఆలస్యంగా అబ్బింది.

అసలు పరీక్ష ఏడో నెలలో ఎదురైంది. జిల్లా జట్టు ఎంపికలు వచ్చాయి. అప్పటికి ఆమె నొప్పి లేకుండా పరుగెత్తుతున్నది. “ఒక్క రోజే కదా అమ్మీ, పంపండి” అని బతిమాలింది. లిగమెంట్ శస్త్రచికిత్స తరువాత కనీసం తొమ్మిది నెలలు గడవనిదే, గాయపడిన కాలి బలం రెండో కాలి బలంలో తొంభై శాతానికి చేరనిదే పోటీ ఆడకూడదని డాక్టరు ముందే చెప్పారు. తొందరపడినవారికి మళ్లీ తెగే ప్రమాదం ఎక్కువ. పరీక్ష చేయిస్తే డెబ్బై ఎనిమిది శాతం వచ్చింది. కాదనడం మాకు కత్తి మీద సాములా తోచింది. మేము ఇచ్చిన మాటను తప్పినట్టు ఆమెకు తోచకూడదు. అందుచేత ‘వద్దు’ అనలేదు. ఆ కాగితాన్ని ఆమె చేతికిచ్చి, “ఇప్పుడు కాదు” అన్నాము. ఏ తేదీన మళ్లీ పరీక్ష చేయిస్తామో గోడ మీది క్యాలెండరులో ఆమె ముందే రాశాము.

ఆ రోజంతా ఆమె ఏడ్చింది. అన్నం తినలేదు. మర్నాడు ఫజ్ర్ తరువాత మాత్రం తానే వాకిట్లోకి వెళ్లి ఒంటికాలిపై నిలబడింది. అరుగు మీద కూర్చొని తస్బీహ్ పూసలపై సెకన్లు లెక్కపెట్టినది దాదీయే. మాన్పించమని ఏడ్చిన ఆమే ఇప్పుడు “ఇంకొక్క పది, నిలబడు బేటీ” అంటారు.

గత వారం తొమ్మిది నెలలు నిండాయి. కాలి బలం తొంభై రెండు శాతానికి వచ్చింది. ఆమె మైదానానికి తిరిగి వెళ్లింది. సాధన వారానికి పదకొండు గంటలు. శుక్రవారం పూర్తి విశ్రాంతి. మొన్న ఆట మధ్యలో ఆమె చేయి ఎత్తి బయటకు వచ్చి, “తొడ వెనుక పట్టేసింది” అని అందరూ వినేలా చెప్పి కూర్చున్నది. గట్టు మీద ఉన్న మేము అల్‌హందులిల్లాహ్ అనుకున్నాము. ఇంతకు ముందు ఆమె గోలు కొట్టిన ఏ రోజునా మాకు అంత తృప్తి కలగలేదు.

తల్లిదండ్రులారా! మీ బిడ్డ ఆడుతూ ఉంటే ఈ రాత్రి ఆమె పక్కన కాసేపు కూర్చోండి. వారానికి ఎన్ని గంటలు ఆడుతున్నదో కూడి చూడండి. ఎక్కడైనా నొప్పిగా ఉన్నదా అని అడగండి. అడిగే ముందు, ఏ జవాబు వచ్చినా ఆమె ఆట పోదన్న మాట ఇవ్వండి. మనకు అప్పగించిన బిడ్డలను భయంతో కాక వివేకంతో కాపాడుకొనే శక్తిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.