అంబాసిడరు ఇంజను విప్పిన కథ

మా నాన్నగారు 1972లో ఒక అంబాసిడరు కారు కొన్నారు. అది ఇంకా మా ఇంట్లోనే ఉన్నది. కలకత్తా దగ్గర ఉత్తరపారాలో, ఇంగ్లండువారి మారిస్ ఆక్స్‌ఫర్డు కారు నమూనాతో, హిందూస్తాన్ మోటార్స్ వారు 1950ల చివర ఈ కార్ల తయారీ మొదలుపెట్టి 2014లో ఆపేశారు. మీరు సినిమాలలో చూసే ఉంటారు.

రెండేళ్లుగా మా కారు నీలిపొగ వదలసాగింది. నల్లపొగ వస్తే పెట్రోలు ఎక్కువ పోతున్నదని అర్థం. నీలిపొగ అంటే, ఇంజనులో అరుగుదల లేకుండా కాపాడవలసిన ఆయిలు పైకెక్కి మండిపోతున్నదన్నమాట. పాత ఇనపసామాను కొనే అతను వచ్చి బేరం కూడా చెప్పాడు. నాన్నగారు అతనికి జవాబు చెప్పలేదు. నా వంక చూశారు, అంతే.

నేను లెక్కల మాస్టారును. ఇంజను గురించి పుస్తకంలో చదివినదే తప్ప చేత్తో ముట్టుకున్నది లేదు. విజయవాడ ఆటోనగరులో మాకు తెలిసిన వృద్ధ మేస్త్రీ ఒకాయనను అడిగితే, "మీరే విప్పండి మాస్టారూ, నేను పక్కన కూర్చుంటాను," అన్నాడు. వేసవి సెలవులు. ఏడవ తరగతి చదివే మా అమ్మాయి కూడా వస్తానన్నది.

సైకిలు పంపు మీకు తెలుసు గదా! ఇంజనులోని సిలిండరు ఆ పంపు గొట్టం వంటిది. పిస్టను దానిలో పైకీ కిందకూ ఆడే కడ్డీ వంటిది. పిస్టను ఒకసారి దిగి, గాలీ పెట్రోలు ఆవిరీ కలిసిన మిశ్రమాన్ని పీల్చుకుంటుంది. పైకి వచ్చి దాన్ని నొక్కుతుంది. అప్పుడు ప్లగ్గు నిప్పురవ్వ విసరగానే మిశ్రమం మండి పిస్టనును కిందకు తోస్తుంది. మళ్లీ పైకి వచ్చేటప్పుడు పిస్టను పొగను బయటికి నెడుతుంది. ఈ నాలుగింటిలో బండిని నడిపేది మూడవది ఒక్కటే! అందుకని నాలుగు సిలిండర్లు వంతులు వేసుకుంటాయి. మా ఇంజనులో ఆ వంతు 1, 3, 4, 2.

విప్పకముందే రోగం ఎక్కడున్నదో తెలుసుకునే ఉపాయం ఒకటి మేస్త్రీ చూపాడు. ప్లగ్గు తీసి, ఆ రంధ్రంలో ఒత్తిడి కొలిచే గేజి పెట్టి ఇంజను తిప్పాం. మూడు సిలిండర్లలో ముల్లు 100 దాటింది. మూడవ నంబరులో 70 దగ్గరే ఆగిపోయింది. దానిలో ఒక చెంచాడు ఆయిలు పోసి మళ్లీ తిప్పితే ముల్లు గబుక్కున పైకి లేచింది. పిస్టను చుట్టూ ఉండే రింగుల సందులను ఆయిలు కాసేపు మూసిందన్నమాట. వాల్వులు కారుతూ ఉంటే ఆయిలు పోసినా ముల్లు కదిలేది కాదు. ఇంత చవకైన, చక్కని పరీక్ష నేను మరొకటి ఎరగను.

విప్పటం కష్టం కాదు. విప్పినవాటిని గుర్తుపెట్టుకోవటమే కష్టం. వాల్వులను కదిపే పుష్‌రాడ్లు ఎనిమిది. చూస్తే అన్నీ ఒకటే. కాని ఏళ్ల తరబడి ఒక్కొక్కటీ తన జతతో కలిసి అరిగి, దానికే ఒదిగి ఉంటుంది. వాటి చోట్లు మారిపోకూడదు. మా అమ్మాయి ఒక అట్టముక్కకు ఎనిమిది చిల్లులు పొడిచి, నంబర్లు వేసి, వాటిని వరసగా గుచ్చింది. మేస్త్రీ తన కుర్రవాళ్లను పిలిచి మరీ ఆ అట్ట చూపించాడు.

హెడ్డు ఎత్తిన తరువాత, "గోరుపెట్టి చూడమ్మా," అన్నాడాయన. సిలిండరు పైఅంచున ఒక మెట్టు గోరుకు తగిలింది. రింగులు అంత పైకి రావు గనుక అక్కడ గోడ అరగలేదు. దాని కిందనే అరుగుదల అన్నిటికంటె ఎక్కువ. మంట వేడి, ఒత్తిడి ఎక్కువగా ఉండేదీ, ఆయిలు తక్కువగా అందేదీ అక్కడే మరి.

అసలు చిక్కు అప్పుడు బయటపడింది. మసి తుడిస్తే పిస్టను మీద 40 అన్న అంకె కనిపించింది. అంటే ఎవరో ఇదివరకే సిలిండర్లను అంగుళంలో వెయ్యింట 40 వంతులు వెడల్పు చేయించారు. (మన తలవెంట్రుక మందం సుమారు 3 వంతులు ఉంటుంది.) అంతకంటె పెద్ద పిస్టన్లు ఎంత వెతికినా మాకు దొరకలేదు. ఇక మిగిలినది స్లీవులు వేయటం. అంటే సిలిండర్లను బాగా తొలిచి, వాటిలో కొత్త పోతఇనుము గొట్టాలు బిగించి, మళ్లీ మొదటి కొలతకు తేవటం. సిలిండరు గోడల వెనుక చల్లదనానికి నీళ్లు తిరిగే సందులుంటాయి. తొలిచేటప్పుడు గోడ పల్చబడి చిల్లి పడిందా, ఇంజను ఇనపసామానుకే!

"పాత పోత. లోపల గోడ ఎక్కడ పల్చనో పైకి తెలియదు," అన్నాడు మేస్త్రీ. ఇంటికి పోయి నాన్నగారితో ఉన్నమాట చెప్పాను. ఆయన కొంచెంసేపు ఊరుకుని, "విప్పినవాడివి నువ్వే గదా, తొలిపించు," అన్నారు.

లేతు పనివాడు నాలుగు సిలిండర్లూ తొలిచి, స్లీవులు వేసేసరికి రెండు రోజులు పట్టింది. తరువాత నీటిసందులన్నీ రేకులతో మూసి, లోపలికి గాలి కొట్టి, బ్లాకును నీళ్ల తొట్టిలో దింపారు. పంక్చరు చూడటానికి సైకిలుషాపులో ట్యూబును ముంచుతారే, అదే పద్ధతి. ముగ్గురం తొట్టి మీదికి వంగి చూశాం. ఒక్క బుడగ కూడా రాలేదు.

ఇంకొక పని కూడా చేయించాం. ఈ ఇంజను పుట్టిన రోజుల్లో పెట్రోలులో సీసం కలిపేవారు. ఆ సీసం వాల్వులు కూర్చునే పీటల మీద పొరగా ఏర్పడి వాటిని కాపాడేది. కాని అది మనుషులకు విషం, ముఖ్యంగా పిల్లల మెదడుకు. మన దేశంలో 2000లో సీసం పెట్రోలు పూర్తిగా మానేశారు; మంచి పని చేశారు. అందువల్ల పొగ వదిలే వాల్వులకు గట్టి ఉక్కు పీటలు పెట్టించాం.

బిగింపు వారం రోజులు పట్టింది. క్రాంకు రెండుసార్లు తిరిగితే వాల్వులను ఆడించే షాఫ్టు ఒక్కసారే తిరగాలి. అందుకే ఒక పళ్లచక్రం చిన్నది, రెండవది దానికి రెట్టింపు. రెండింటి మీదా ఉన్న చుక్కలు ఎదురెదురుగా వచ్చేటట్లు గొలుసు వేయాలి. హెడ్డు నట్లు మధ్య నుంచి మొదలుపెట్టి చివరలకు, కొద్దికొద్దిగా బిగించాం. ఒక పక్కనే బిగిస్తే హెడ్డు వంగుతుంది.

ప్లగ్గులు లేకుండా కాసేపు తిప్పి, ఆయిలు అన్ని మూలలకూ చేరనిచ్చిన తరువాత మేస్త్రీ తాళం నా చేతికిచ్చాడు. మూడవసారికి ఇంజను అందుకున్నది. ముందు గుప్పున పొగ వచ్చింది. బిగించేటప్పుడు పూసిన ఆయిలు అది. పావుగంటకు పొగ పూర్తిగా పోయింది.

కొత్త రింగులు గోడలకు ఒదిగేదాకా, మొదటి 800 కిలోమీటర్లు గంటకు 50 దాటవద్దని మేస్త్రీ ఆజ్ఞ. ఇప్పటికి 312 అయినవి. నాన్నగారు ముందుసీటులో కూర్చుని స్పీడు ముల్లు వంకే చూస్తుంటారు. 48 రాగానే దగ్గుతారు. 800 పూర్తికాగానే ఆయిలు మార్చి, హెడ్డు నట్లు మళ్లీ బిగించి, వాల్వుల సందులు సరిచూడాలి. ఆ సందులు కొలిచే రేకుల గేజి మా అమ్మాయి తన జామెట్రీ పెట్టెలో దాచుకున్నది. అడిగినా ఇవ్వటం లేదు.