కళ్ళజోడు తీస్తే కాలువే కనపడదు!

రావులపాలెంలో బస్సు దిగి ఆత్రేయపురం దారి పట్టామంటే ఎటు చూసినా కొబ్బరిచెట్లు, అరటితోటలు, పక్కనే కాలువ… ఇదంతా మీరు తెరమీద చూసిన చోటే లెండి. లొల్ల లాకుల దగ్గర తీసిన పాటలు ఎన్ని చూడలేదు! బాపుగారు 'సాక్షి' (1967) తీసిన పులిదిండి కూడా ఈ చుట్టుపక్కలదే. అందులో కృష్ణ బల్లకట్టు నడుపుతాడు. నేనూ ఇక్కడి కాలువలో పడవ నడిపాను. కాకపోతే ఆయనకి ఎదురుగా ఉన్నది కనిపించేది!

నా పవరు మైనస్ ఆరండీ. కళ్ళజోడు తీస్తే జానెడు దూరం దాటాక లోకమంతా భోగిమంట పొగే.

2025 సంక్రాంతికి ఆత్రేయపురం కాలువలో సర్ ఆర్థర్ కాటన్ పేరుమీద డ్రాగన్ పడవల పోటీలు పెట్టారు. ఈ సీమకి కాలువ నీళ్ళు తెచ్చిన ధవళేశ్వరం ఆనకట్ట ఆ దొర కట్టించిందేగా, 1852లో పూర్తయింది. ఆ పడవల్లో రెండు వరసల్లో కూర్చున్నవాళ్ళు తెడ్లు వేస్తుంటారు. ముందు ఒకడు డోలు కొడతాడు, వెనక ఒకడు నిలబడి చుక్కాని పడతాడు. అది చూశాక మాకూ చేతులు ఊరుకోలేదు. ఫిబ్రవరిలో మా బావ ఊళ్ళో కుర్రాళ్ళని పోగేసి, ఒక నాటుపడవ తెచ్చి, డోలు బదులు డప్పు పెట్టి సాధన మొదలెట్టాడు.

"పొడుగ్గా ఉన్నావు, చుక్కాని నువ్వు పట్రా" అన్నాడు నాతో.

ఏమండీ, పడవలో డ్యూయెట్ పాడే హీరోకి సోడాబుడ్డి కళ్ళజోడు ఉండటం ఎప్పుడైనా చూశారా? అది విలన్ పక్కన లెక్కలు రాసే గుమాస్తాకి పెడతారు గాని! గట్టుమీద ఊళ్ళో జనమంతా ఉన్నారు, అందులో ఆడపిల్లలూ ఉన్నారు. మెల్లిగా జోడు తీసి జేబులో పెట్టేశాను. ఎవరితోనూ ఒక్క ముక్క అనలేదు.

డప్పు మోగింది. పడవ బాణంలా పోతోంది. దూరంగా నల్లగా ఏదో తేలుతోంది. దుంగ కాబోలు, పక్కనుంచి పోనిద్దాం అనుకున్నాను. దగ్గరకొచ్చేసరికి దుంగ కాస్తా తోక ఆడించింది. గేదె! దాని వీపు తోముతూ పదేళ్ళ కుర్రాడు!

బావ కేక పెట్టి తెడ్డు అడ్డంగా వేశాడు. పడవ గిర్రున తిరిగి గట్టుకి కొట్టుకుంది. అందరం నీళ్ళలో పడ్డాం. కుర్రాడికి మూడడుగుల దూరంలో తప్పింది. నా కళ్ళజోడు మాత్రం కాలువ పాలైంది. ఆ రాత్రి నాకు నిద్ర పడితే ఒట్టు.

కుర్రాడి తాత నన్ను గట్టుమీదకి లాగి, తిట్టకుండా, "కళ్ళు ఆనవని ముందే చెప్పొచ్చు కదండీ బాబూ! చెప్తే ఎవరన్నా నవ్వుతారేంటండీ?" అన్నాడు. తిట్టినా అంత సిగ్గు వేసేది కాదు.

మర్నాడు అమలాపురంలో కంటి డాక్టరు దగ్గరకి పరుగెత్తాను. కాంటాక్టు లెన్సులు పెట్టుకోనా అంటే ఆయన రెండు చేతులూ అడ్డంగా ఊపారు. కాలువ నీళ్ళలోనే కాదు, కుళాయి నీళ్ళలో కూడా అకాంథమీబా అనే క్రిమి ఉండొచ్చుట. అది లెన్సు కింద చేరిందంటే నల్లగుడ్డుమీది పొరని పుండు చేసి, చూపుకే ఎసరు పెడుతుందిట. ఈతకైతే పవరుతో చేసిన గాగుల్స్ దొరుకుతాయి, అవి కొనుక్కోమన్నారు. పడవమీదైతే మామూలు జోడే చాలు. అయితే గాజు కాదు, ప్లాస్టిక్ అద్దాలుండాలి. తల వెనక బిగుతుగా పట్టీ కట్టి, దానికి చిన్న బెండు ముక్క తగిలించాలి. ఊడిపడ్డా తేలుతుంది.

ఇంకోటి కూడా చెప్పారు. ఎక్కువ మైనస్ ఉన్నవాళ్ళకి కంటి వెనక పొర పలచబడి ఉండొచ్చు. వంతెనమీంచి తలకిందులుగా దూకే సరదా ఉంటే ముందు చుక్కల మందు వేయించుకుని కళ్ళు చూపించుకోవాలి. కళ్ళముందు ఉన్నట్టుండి మెరుపులో, నల్లచుక్కల వానో కనిపిస్తే ఆరోజే డాక్టరు దగ్గరకి పోవాలి.

నాకు ఊరట ఒక్కటే. నీళ్ళలో మునిగి కళ్ళు తెరిస్తే మంచి చూపున్న మా బావకీ మసకే! గాలిలో ఉన్నప్పుడు వెలుగుని వంచే పని మూడింట రెండొంతులు కంటి ముందు పొరే చేస్తుందిట. నీళ్ళు తగిలితే దాని పని దాదాపు పోయినట్టే. గాగుల్స్ పెట్టుకుంటే మధ్యలో గాలి నిలుస్తుంది గనక మళ్ళీ కనిపిస్తుంది.

చుక్కాని బావకి అప్పగించేశాను. నేనిప్పుడు మధ్య వరసలో తెడ్డు వేస్తున్నాను. అక్కడ ముందువాడి వీపూ, డప్పు దెబ్బా తెలిస్తే చాలు. డప్పు తాళం అందుకోవడంలో నన్ను మించినవాడు మా పడవలో లేడని బావే ఒప్పుకున్నాడు.

ఆ గేదె కుర్రాడు రోజూ గట్టుమీదకి వస్తాడు. పడవ కదిలేముందు నా వంకే చూస్తూ ఊరంతా వినపడేలా అరుస్తాడు:

"కళ్ళజోడు ఎట్టుకున్నారాండీ?"

"ఆయ్!" అంటాను.